కంప్యూటరు రాసుకునే సామాన్ల జాబితా

పిల్లలూ,

బదిలీ ఆర్డరు వచ్చిన రోజు నుంచి ఇంట్లో ఏం జరుగుతుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు. అట్టపెట్టెలు వస్తాయి, తాళ్ళు వస్తాయి, నల్ల మార్కరు పెన్ను వస్తుంది. అమ్మో నాన్నో ఒక నోటుబుక్కు తీసి, '1. వంటింటి గిన్నెలు, 2. పుస్తకాలు, 3. దుప్పట్లు' అని రాయడం మొదలుపెడతారు. పెట్టె మీద నంబరూ, పుస్తకంలో నంబరూ ఒకటే ఉండాలి. ఆ పుస్తకం ఎక్కడో పడిపోయిందంటే, కొత్త ఊళ్ళో మొదటి రోజు పొద్దున్నే కాఫీ ఫిల్టరు కోసం ఇంట్లో ఉన్న పెట్టెలన్నీ విప్పాల్సిందే.

మేమూ మీలాంటి వాళ్ళమే. పన్నెండేళ్ళ ఉద్యోగంలో ఆరు ఊళ్ళు చూశాం. ఎక్కడికి వెళ్ళినా చెప్పేది తెలుగే. కానీ ఈసారి రాస్తున్నది తెలుగు పాఠం గురించి కాదు. కంప్యూటర్లు తమ సామాన్ల జాబితాను ఎలా రాసుకుంటాయి, ఆ జాబితా ఉంటే కొత్త యంత్రాన్ని ఎంత తేలిగ్గా పాత యంత్రంలా తయారుచేసుకోవచ్చు అన్నది విషయం. తెలుగు చెప్పేవాళ్ళకు ఈ గొడవ ఎందుకంటారా? దానికో కారణం ఉంది.

తెలుగు బదులు ఖాళీ గళ్ళు

మూడు పోస్టింగుల కిందట మేము పనిచేసిన ఒక బడిలో ఇలా జరిగింది. కంప్యూటరు ల్యాబులో ఇరవై సిస్టమ్‌లు ఉండేవి. అన్నిటిలోనూ లినక్సే. వార్షిక పత్రికలో తెలుగు పేజీల కోసం పిల్లల చేత కథలు రాయించి, వాళ్ళ చేతే టైపు చేయించాలని మా ఉత్సాహం. తీరా కూర్చుంటే ఇరవైలో రెండింటిలోనే తెలుగు సరిగ్గా కనిపించింది. మిగతా పద్దెనిమిదింటిలో అక్షరాల బదులు వరసగా చిన్న చిన్న ఖాళీ గళ్ళు.

ఆ రెండింటిలో తెలుగు పెట్టినాయన రెండు నెలల ముందే బదిలీ మీద వెళ్ళిపోయారు. ఫోను చేస్తే పాపం ఓపిగ్గానే మాట్లాడారు. కానీ ఏం పెట్టారో, ఏ వరసలో పెట్టారో ఆయనకే గుర్తు లేదు. 'ఒక ఆదివారమంతా కూర్చుని ఏవేవో వేశాను, చివరికి పనిచేసింది' అన్నారు. ఎక్కడా రాసిపెట్టలేదు. సరే, ఉన్న రెండింటి మీదే వంతులవారీగా టైపు చేయించాం. పేజీలు పంపడానికి వారం ఉందనగా ఒకదాని హార్డ్‌డిస్కు పోయింది. వేరే చోట నకలు తీసిపెట్టుకోవాలన్న తెలివి మాకూ లేకపోయింది. పద్నాలుగు కథల్లో ఆరే అచ్చయ్యాయి.

అచ్చుకానివాటిలో ఏడో తరగతి పాప ఒకామె వాళ్ళ అమ్మమ్మగారి ఊరి చెరువు మీద రాసిన కథ ఉంది. తెలుగులో ఆమె రాసిన మొదటి కథ అది. 'వచ్చే సంవత్సరం వేద్దాంలేమ్మా' అన్నాం. మార్చిలో వాళ్ళ నాన్నగారికి బదిలీ అయింది. మనలాంటి బళ్ళలో 'వచ్చే సంవత్సరం' అనే మాటకు ఎంత విలువ ఉంటుందో మాకు అప్పుడు బాగా తెలిసొచ్చింది.

తర్వాతి ఊళ్ళో కంప్యూటరు చెప్పే సహోద్యోగితో ఈ సంగతి అంటే ఆయన నవ్వలేదు. ల్యాబుకు తీసుకెళ్ళి ఒక ఫైలు తెరిచారు. అరపేజీ కూడా లేదు. 'ఈ ల్యాబులో ఉన్నదంతా ఇందులో ఉంది. రేపు నేను వెళ్ళిపోయినా, కొత్తగా వచ్చినవాళ్ళు దీన్ని నడిపితే చాలు, ప్రతి సిస్టమూ ఇలాగే తయారవుతుంది' అని హిందీలో చెప్పారు. మాటతో ఆగకుండా ఒక సిస్టమ్‌ను పూర్తిగా ఖాళీ చేసి, ఆ ఫైలును దానికి అప్పగించి, 'పదండి, టీ తాగొద్దాం' అన్నారు. మేము తిరిగి వచ్చేసరికి తెర మీద తెలుగు ఉంది.

అది ఎలా జరిగిందో ఆయన దగ్గర నేర్చుకున్నదే మీకు చెబుతున్నాం.

ఒకదానికి ఇంకొకటి ఆధారం

కొత్త ఊళ్ళో స్టవ్వు వెలగాలంటే ఏం కావాలి? గ్యాసు కనెక్షను కావాలి. దానికి ఇంటి చిరునామా రుజువు కావాలి. దానికి క్వార్టరు అలాట్‌మెంటు కాగితం కావాలి. దానికి ఆఫీసులో జాయినింగ్ రిపోర్టు ఇచ్చి ఉండాలి. టీ తాగుదామని మొదలుపెడితే దారి ఆఫీసు దాకా పోయింది చూడండి. ఈ వరసలో ఏ ఒక్కటి లేకపోయినా టీ లేదు.

సాఫ్ట్‌వేరూ ఇంతే. ఏ ప్రోగ్రామూ అన్ని పనులూ తానే చేసుకోదు. తెర మీద అక్షరం గీయడానికి ఒకరు రాసిన కోడ్ వాడుకుంటుంది, బొమ్మ తెరవడానికి ఇంకొకరిది, ఫైలును కుదించడానికి మరొకరిది. ఇలా అందరూ వాడుకోవడానికి రాసిపెట్టిన కోడ్‌ను లైబ్రరీ అంటారు. ఒక ప్రోగ్రామును, దానికి సంబంధించిన ఫైళ్ళన్నిటినీ మూటగట్టి ఇస్తే అది ప్యాకేజీ. ఒక ప్యాకేజీ పనిచెయ్యడానికి ఇంకో ప్యాకేజీ తప్పనిసరైతే ఆ రెండోదాన్ని డిపెండెన్సీ అంటారు. తెలుగులో 'ఆధారం' అనుకుందాం.

మా తెలుగు సంగతే తీసుకోండి. లినక్స్‌లో తెలుగు టైపు చెయ్యడానికి ఐబస్-ఎం17ఎన్ అనే ప్యాకేజీ ఉంది. అది పనిచెయ్యాలంటే ఐబస్ ఉండాలి, ఎం17ఎన్ లైబ్రరీ ఉండాలి, ఏ మీట నొక్కితే ఏ అక్షరం రావాలో చెప్పే సమాచారం ఉండాలి. 'ఎం17ఎన్' అన్నది వింతగా ఉందా? బహుభాషీకరణ అనే అర్థమున్న ఇంగ్లీషు మాటలో మొదటి అక్షరం ఎం, చివరి అక్షరం ఎన్, మధ్యలో పదిహేడు అక్షరాలు. అంత పొడుగు రాయలేక అలా కుదించారు. ఇక అక్షరాలు కనపడాలంటే ఫాంట్లు వేరే కావాలి. ఫాంట్స్-తెలు అనే ప్యాకేజీలో అసలు ఫాంట్లే ఉండవు. పోతన, వేమన పేర్లున్న ఫాంట్ల వంటివాటిని తన ఆధారాలుగా చెప్పడమే దాని పని. ఒక్క పేరు చెబితే ఆ ఫాంట్లన్నీ దిగుతాయి. మా పాత బడిలో పద్దెనిమిది సిస్టమ్‌లకు కావలసింది ఇంతే. ఆ పేర్లు ఎవరికీ తెలియకపోవడమే మా కష్టం.

చేత్తో చేసుకున్న రోజులు

యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. కెన్ థామ్సన్, డెన్నిస్ రిచీ దాని పెద్దలు. 1991లో ఫిన్లాండులోని హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ అదే పద్ధతిలో నడిచే లినక్స్‌ను మొదలుపెట్టారు. యూనిక్స్ కుటుంబంలో యంత్రాలు రకరకాలు. ఒకచోట నడిచిన ప్రోగ్రాము ఇంకోచోట నడుస్తుందన్న నమ్మకం లేదు. అందుకని ప్రోగ్రామును మూలరూపంలో, అంటే సోర్సు కోడ్‌గా ఇచ్చేవారు. తెచ్చుకున్నవాళ్ళు తమ యంత్రానికి తగ్గట్టు తయారుచేసుకోవాలి.

అప్పుడు మూడు మెట్లుండేవి. మొదటిది కాన్ఫిగర్. ఇది ఒక చిన్న స్క్రిప్టు. యంత్రాన్ని ప్రశ్నలడుగుతుంది. నీ దగ్గర కంపైలరుందా? ఫలానా లైబ్రరీ ఉందా? జవాబులను బట్టి అమరికలు రాసిపెడుతుంది. రెండోది మేక్. ఇది ఆ అమరికల ప్రకారం ప్రోగ్రామును తయారుచేస్తుంది. మూడోది మేక్ ఇన్‌స్టాల్. తయారైనదాన్ని సరైన ఫోల్డర్లలో సర్దుతుంది. ఈ కాన్ఫిగర్ స్క్రిప్టులను చేత్తో రాసే బాధ లేకుండా, వాటిని పుట్టించడానికే డేవిడ్ మెకెంజీ 1991లో ఆటోకాన్ఫ్ అనే పనిముట్టు చేశారు. ఆ మూడు మెట్లు నేటికీ ఉన్నాయి.

కానీ కాన్ఫిగర్‌కు ఒక హద్దుంది. ఫలానా లైబ్రరీ లేదని చెబుతుంది, ఆగిపోతుంది. తెచ్చిపెట్టదు. మీరు వెళ్ళి అది తెచ్చుకోవాలి. దాన్ని కాన్ఫిగర్ చేస్తే అది ఇంకోటి లేదంటుంది. ఆ ఇంకోటి తెస్తే, ఇది పాతది, కొత్తది కావాలంటుంది. కొత్తది వేస్తే, పాతదాని మీద నడుస్తున్న వేరే ప్రోగ్రాము పడిపోతుంది. దీనికి కంప్యూటరు వాళ్ళు పెట్టుకున్న పేరు 'డిపెండెన్సీ నరకం'. మా పాత సహోద్యోగి ఆదివారమంతా ఎలా గడిచి ఉంటుందో ఊహించుకోండి.

మూట మీద చీటీ

1993 ఆగస్టు 16న అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో చదువుతున్న ఇయాన్ మర్డాక్ డెబియన్ అనే ప్రాజెక్టును ప్రకటించారు. అప్పటికి ఆయన వయసు ఇరవై. తన స్నేహితురాలు డెబ్రా పేరూ తన పేరూ కలిపి ఆ పేరు పెట్టారు. డెబియన్ వాళ్ళ పద్ధతిలో, సోర్సు కోడ్‌ను ఒకరు తయారుచేసి మూటగడతారు. మిగతావాళ్ళు మూట విప్పుకుంటే చాలు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12లో అలాంటి మూటలు 64 వేలకు పైగా ఉన్నాయి.

ప్రతి మూటలోనూ రెండు భాగాలుంటాయి. ఒకదానిలో అసలు సామాను. రెండోదానిలో చీటీ. ఆ చీటీని కంట్రోల్ ఫైలు అంటారు. ప్యాకేజీ పేరు, వెర్షను నంబరు, బాధ్యత ఎవరిది, ఏ రకం యంత్రానికి పనికొస్తుంది అన్నవి అందులో ఉంటాయి. వాటికన్నా ముఖ్యమైనవి ఈ నాలుగు వరసలు.

ఆధారాలు: ఇవి లేకపోతే నేను పనిచెయ్యను. వెర్షను కూడా చెప్పొచ్చు. ఫలానా లైబ్రరీ 'ఈ నంబరు గానీ అంతకన్నా కొత్తది గానీ' కావాలని.

సిఫార్సులు: ఇవి ఉంటే బాగుంటుంది. మామూలుగా వీటినీ తెస్తారు, వద్దంటే మానేస్తారు.

సూచనలు: కావాలనుకుంటే తెచ్చుకోండి.

వైరుధ్యాలు: ఇది ఉన్నచోట నేనుండను. ఉదాహరణకు డెబియన్‌లో ఉత్తరాలు పంపే ఎక్జిమ్, పోస్ట్‌ఫిక్స్ అనే రెండు ప్రోగ్రాములు ఒకే యంత్రంలో పక్కపక్కన ఉండవు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు కదా.

ఈ మూటలను విప్పి సర్దే ప్రోగ్రాము పేరు డీపీకేజీ. ఇది స్టోరుకీపరు లాంటిది. ఏ మూట వచ్చింది, ఏ వెర్షను, ఏ ఫైలు ఏ మూటలోది అని పుస్తకం రాస్తుంది. ఆ పుస్తకం రహస్యమేం కాదు. మామూలు అక్షరాల్లో ఉన్న ఒక ఫైలు, తెరిచి చదువుకోవచ్చు. అయితే స్టోరుకీపరు బజారుకు వెళ్ళడు. ఆధారం లేకపోతే 'లేదు' అంటాడు, అంతే. బజారు పని చెయ్యడానికి 1998లో ఆప్ట్ వచ్చింది. 1999 మార్చిలో వచ్చిన డెబియన్ 2.1తో అది అందరి చేతికీ అందింది. రెడ్ హ్యాట్, ఫెడోరా యంత్రాల్లో మూటల రకం ఆర్‌పీఎం, బజారు పని చేసేది డీఎన్ఎఫ్. పేర్లు వేరు, ఆలోచన ఒకటే.

ఆప్ట్ బజారుకు వెళ్తే

టెర్మినల్ తెరిచి 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఐబస్-ఎం17ఎన్' అన్నాం అనుకోండి. (టైపు చేసేది ఇంగ్లీషు అక్షరాల్లోనే. ఇక్కడ పలుకు మాత్రం ఇస్తున్నాం.) లోపల ఏం జరుగుతుంది?

మొదట ఆప్ట్ తన దగ్గరున్న ధరల పట్టీ లాంటి జాబితా చూస్తుంది. ఏ ప్యాకేజీ ఏ వెర్షనులో దొరుకుతుందో, దాని ఆధారాలేమిటో అందులో ఉంటాయి. ఆ జాబితా పాతబడకుండా ముందే 'ఆప్ట్ అప్‌డేట్' అనాలి.

తర్వాత లెక్క. అడిగిన ప్యాకేజీకి ఏవి కావాలి, వాటికి ఏవి కావాలి, వాటిలో ఇప్పటికే ఉన్నవేవి, ఒకదానికొకటి పడనివేవి అని చూసుకుంటూ పోతుంది. ఇది సుడోకు లాంటి పని. ఒక గడిలో అంకె వేస్తే ఇంకో గడిలో వెయ్యగలిగినవి తగ్గుతాయి. అన్ని షరతులూ ఒకేసారి కుదరాలి. ఒక్కోసారి ఏ విధంగానూ కుదరదు. అప్పుడు ఆప్ట్ ఏదో ఒకటి చేసెయ్యకుండా, కుదరలేదని చెప్పి ఆగుతుంది.

లెక్క కుదిరాక, ఇవి కొత్తగా వస్తాయి, ఇవి పోతాయి, ఇంత డౌన్‌లోడ్ అని చూపించి, సరేనా అని అడుగుతుంది. చాలామంది ఇక్కడ చదవకుండానే సరే అంటారు. 'ఇవి పోతాయి' అన్న వరస మాత్రం తప్పకుండా చదవండి.

సరే అన్నాక మూటలు తెస్తుంది. తెచ్చినవి అసలువేనా అని చూస్తుంది. మీ టీసీ మీద ముద్ర, సంతకం ఉన్నట్టే, డెబియన్ వాళ్ళ జాబితా మీద డిజిటల్ సంతకం ఉంటుంది. ఆ జాబితా ద్వారా ప్రతి మూటకూ ఒక గుర్తు సంఖ్య అందుతుంది. మూటలో ఒక్క అక్షరం మారినా ఆ సంఖ్య కలవదు. కలవని మూటను ఆప్ట్ వెయ్యదు.

చివరికి మూటలను డీపీకేజీకి ఇస్తుంది. డీపీకేజీ ముందు విప్పుతుంది, తర్వాత అమరుస్తుంది. ఆధారాలు ముందు, వాటి మీద నిలబడేవి తర్వాత. రెండు ప్యాకేజీలు ఒకదానికొకటి ఆధారమైతే చెట్టు ముందా విత్తు ముందా అన్న చిక్కొస్తుంది. అలాంటప్పుడు రెండింటినీ ముందు విప్పేసి, తర్వాత అమరుస్తుంది. ప్రతి మెట్టూ పుస్తకంలో రాస్తుంది కాబట్టి, మధ్యలో కరెంటు పోయినా ఏది ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. కరెంటు వచ్చాక 'మిగిలినవి అమర్చు' అని ఒక ఆజ్ఞ ఇస్తే అక్కడి నుంచి అందుకుంటుంది.

ఇంకో మంచి అలవాటు కూడా ఉంది. మనం అడిగి తెప్పించుకున్నది ఏది, దాని వెంట వచ్చినది ఏది అని ఆప్ట్ వేరువేరుగా గుర్తు పెట్టుకుంటుంది. పెళ్ళికొడుకు లేని పెళ్ళిలో తోడుపెళ్ళికొడుక్కు పనేముంది? అసలు ప్యాకేజీని తీసేస్తే, వెంట వచ్చినవి ఇంకెవరికీ అక్కర్లేదని తేలితే, వాటినీ తీసెయ్యొచ్చని చెబుతుంది.

ప్రశ్నలకు ముందే జవాబులు

సామాను దిగడం సగం పని. సర్దుకోవడం మిగతా సగం. కొన్ని ప్యాకేజీలు అమర్చేటప్పుడు ప్రశ్నలడుగుతాయి. టీజెడ్‌డేటా అనే ప్యాకేజీ గడియారం సంగతి చూస్తుంది. మీరు ఏ ఖండంలో ఉన్నారు, ఏ నగరపు సమయం కావాలి అని అడుగుతుంది. మనం ఆసియా, కోల్‌కతా అని చెప్పాలి. హైదరాబాదులో ఉన్నా, జోర్హాట్‌లో ఉన్నా, మన దేశమంతటికీ అదే జవాబు. ఒక సిస్టమ్‌కైతే ఫరవాలేదు. ఇరవై సిస్టమ్‌ల ముందూ కూర్చుని ఇరవై సార్లు 'ఆసియా, కోల్‌కతా' అంటూ ఉంటే ల్యాబు పీరియడు గడిచిపోతుంది. ఎవరో ఒకరు పంతొమ్మిదో సిస్టమ్‌లో పొరపాటున పక్క వరస నొక్కుతారు కూడా.

దీనికి జోయీ హెస్ 1999లో డెబ్‌కాన్ఫ్ అనే పనిముట్టు రాశారు. ప్యాకేజీలు ప్రశ్నలను నేరుగా మనిషిని అడగవు, డెబ్‌కాన్ఫ్‌ను అడుగుతాయి. డెబ్‌కాన్ఫ్ ముందు తన దగ్గర జవాబుందేమో చూసుకుంటుంది. ఉంటే ఇచ్చేస్తుంది. లేకపోతేనే మనల్ని అడుగుతుంది. ప్రతి ప్రశ్నకూ ఒక ప్రాముఖ్యత కూడా ఉంటుంది: తక్కువ, మధ్యస్థం, ఎక్కువ, అత్యవసరం. 'ఎక్కువ, ఆపైవి మాత్రమే నన్ను అడుగు' అని చెప్పుకోవచ్చు. మిగతావాటికి మామూలు జవాబు తీసుకుంటుంది. 'ఏదీ అడగొద్దు' అని కూడా చెప్పొచ్చు.

అంటే జవాబులను ముందే ఒక ఫైలులో రాసి ఇవ్వొచ్చన్న మాట. దాన్ని ప్రీసీడ్ అంటారు, ముందే నాటిన విత్తనం లాంటిది. ఒక్కో వరసలో ప్యాకేజీ పేరు, ప్రశ్న పేరు, జవాబు రకం, జవాబు. మొత్తం డెబియన్‌నే మనిషి పక్కన లేకుండా ఎక్కించడానికి కూడా ఈ పద్ధతి వాడతారు. మేము టీ తాగి వచ్చేసరికి తెలుగు కనపడడానికి కారణం ఇదే. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఆ ఫైలులో పాస్‌వర్డులు తెరిచి రాసిపెట్టకూడదు. జాబితా అందరూ చూడాల్సింది, తాళంచెవి కాదు.

మరి మనం చేత్తో మార్చుకున్న అమరికల సంగతేమిటి? కొత్త వెర్షను వచ్చి వాటిని తుడిచేస్తే? డీపీకేజీ అలా చెయ్యదు. ఒక అమరిక ఫైలును మీరు మార్చారనీ, కొత్త మూటలోనూ ఆ ఫైలు మారిందనీ తెలిస్తే ఆగి అడుగుతుంది: మీది ఉంచనా, కొత్తది వెయ్యనా? మీరు ఊరికే ఎంటర్ నొక్కితే మీదే ఉంచుతుంది. ఇంట్లో ఉంటున్నవాళ్ళ ఇష్టమే ముందు.

ఒకటి నుంచి ఇరవై

ఇప్పుడు ఆ అరపేజీ ఫైలు రహస్యం తేలిపోయింది. బాగా నడుస్తున్న ఒక సిస్టమ్‌ను 'నీలో ఏమేమున్నాయి' అని అడిగితే, డీపీకేజీ పేర్లన్నీ ఇస్తుంది. మనం కోరి తెప్పించుకున్నవాటి పేర్లే చాలంటే ఆప్ట్ అవి మాత్రమే ఇస్తుంది. మిగతా ఆధారాలను అదే లెక్కకట్టుకుంటుంది కాబట్టి జాబితా చిన్నదవుతుంది. ఆ పేర్లు, ప్రశ్నలకు జవాబులు కలిపి రాసుకుంటే అరపేజీ. కొత్త సిస్టమ్‌కు ముందు జవాబులివ్వాలి, తర్వాత పేర్లివ్వాలి. మిగతాది అది చూసుకుంటుంది.

వందల యంత్రాలున్న చోట ఇంకా పెద్ద పనిముట్లు వాడతారు. 1993లో నార్వేలోని ఆస్లోలో మార్క్ బర్జెస్ మొదలుపెట్టిన సీఎఫ్ఇంజిన్, తర్వాత వచ్చిన పప్పెట్, ఆన్సిబుల్ అలాంటివి. వీటికి 'ఇది చెయ్యి, అది చెయ్యి' అని చెప్పం. 'యంత్రం ఇలా ఉండాలి' అని చెబుతాం. ఇప్పటికే అలా ఉంటే ముట్టుకోవు, లేకపోతే సరిచేస్తాయి. ఒకసారి నడిపినా పదిసార్లు నడిపినా ఫలితం ఒకటే. బోర్డు మీద తేదీ రాసి ఉంటే మళ్ళీ రాయని, లేకపోతే రాసే క్లాసు లీడరులాగా.

అరసెకను ఆలస్యం

ఇంత బాగుంటే ఇక భయం లేదా? ఉంది. ఇది కూడా మీకు తెలియాలి.

2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తన యంత్రంలో ఒక చిన్న తేడా గమనించారు. దూరం నుంచి యంత్రంలోకి లాగిన్ కావడానికి వాడే ఎస్ఎస్‌హెచ్ మామూలు కన్నా అరసెకను ఆలస్యం చేస్తోంది. అరసెకనే కదా అని ఊరుకోకుండా తవ్వుకుంటూ పోయారు. ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్యాకేజీ దగ్గర తేలింది. అది ఫైళ్ళను కుదించే పనిముట్టు. దాని 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగతలుపు పెట్టారు. మార్చి 29న ఆయన దాన్ని అందరికీ చెప్పారు.

దీనికీ ఎస్ఎస్‌హెచ్‌కూ సంబంధమేమిటి? ఎస్ఎస్‌హెచ్ స్వయంగా ఎక్స్‌జెడ్‌ను వాడదు. కానీ అప్పట్లో డెబియన్ వంటి చోట్ల ఎస్ఎస్‌హెచ్ ఇంకో లైబ్రరీ మీద ఆధారపడేది. ఆ లైబ్రరీ ఎక్స్‌జెడ్ లైబ్రరీ మీద ఆధారపడేది. స్టవ్వు నుంచి జాయినింగ్ రిపోర్టు దాకా వెళ్ళిన వరసే ఇక్కడా ఉంది. దొంగ ముందు తలుపు జోలికి పోలేదు, వరసలో ఎవరూ చూడని మెట్టు మీద కూర్చున్నాడు. ఇంకో సంగతి. దొంగ కోడ్‌ను నడిపించే వరస మనం పైన చెప్పుకున్న కాన్ఫిగర్ మెట్టులోనే దాక్కుని ఉంది. ఎవరూ చదవని పొడుగాటి స్క్రిప్టు కదా, దాక్కోవడానికి మంచి చోటు.

అసలు ఎలా జరిగింది? ఎక్స్‌జెడ్‌ను చాలా ఏళ్ళుగా జీతం లేకుండా ప్రధానంగా ఒక్కరే చూసుకుంటున్నారు. ప్రపంచంలో లెక్కలేనన్ని యంత్రాలు ఆయన పని మీద నిలబడి ఉన్నాయి. ఆయన అలసిపోయారు. పని ఆలస్యమవుతోందని కొందరు ఒత్తిడి తెచ్చారు. అప్పుడు ఒక కొత్త పేరుతో ఎవరో వచ్చి, రెండేళ్ళకు పైగా మంచిగా సాయం చేసి, నమ్మకం సంపాదించి, చివరికి ఈ పని చేశారు. ఆ పేరు వెనక ఉన్నది ఎవరో బయటపడలేదు.

అదృష్టం కొద్దీ అది డెబియన్ స్థిరమైన వెర్షనుదాకా రాలేదు. కొత్త మూటలు ముందు 'సిడ్' అనే అస్థిర విభాగంలో, తర్వాత పరీక్షా విభాగంలో కొన్నాళ్ళు ఉండాలి. టాయ్ స్టోరీ సినిమా చూశారుగా, అందులో బొమ్మలు విరగ్గొట్టే పక్కింటి కుర్రాడి పేరే ఆ విభాగానికి పెట్టారు. దొంగతలుపు ఆ రెండు గదుల్లోనే దొరికిపోయింది. కబురు తెలిసిన రోజు ప్రపంచమంతటా యంత్రాలు చూసుకునేవాళ్ళు చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? తమ జాబితా తెరిచి, ఎక్స్‌జెడ్ ఏ వెర్షనులో ఉందో చూసుకోవడం. రాసి ఉంది కాబట్టి తెలిసింది. జాబితా దొంగను ఆపదు. దొంగ మన ఇంట్లో ఉన్నాడో లేడో వెంటనే చెబుతుంది.

మనకు దగ్గరలో

ఇదంతా ఎక్కడో దూరదేశపు సంగతి అనుకోకండి. మన సీ-డాక్ సంస్థ తయారుచేసిన బాస్, అంటే భారత్ ఆపరేటింగ్ సిస్టమ్ సొల్యూషన్స్, డెబియన్ ఆధారంగా వచ్చిందే. కేరళ ప్రభుత్వ బళ్ళలో కైట్ సంస్థ ఇచ్చే లినక్స్ ఉబుంటు నుంచి వచ్చింది, ఆ ఉబుంటు డెబియన్ నుంచి వచ్చింది. డెబియన్ వాళ్ళు ఏటా కలుసుకునే సభ 2023 సెప్టెంబరులో కొచ్చిలో జరిగింది. ఆ సభ పేరు కూడా డెబ్‌కాన్ఫే. పనిముట్టు వేరు, సభ వేరు, పేరు ఒకటే. కాబట్టి బదిలీ మీద మీరు ఏ ఊరు వెళ్ళినా, బడి ల్యాబులో లినక్స్ ఉంటే ఇవే ఆజ్ఞలు మీకు పనికి రావచ్చు.

ఈ సెలవులకు మీకు మూడు చిన్న పనులు. ఒకటి: ల్యాబులో టీచరుగారిని అడిగి ఏదో ఒక ప్యాకేజీ చీటీ చూడండి. 'ఆప్ట్ షో' అని, పక్కన దాని పేరు రాస్తే వస్తుంది. ఆధారాల వరస చదవండి. రెండు: ఆ ఆధారాల్లో ఒకదాని చీటీ తీయండి, దాని ఆధారాల్లో ఒకదానిది తీయండి. అలా వెళ్తే చాలాసార్లు చివరికి లిబ్‌సీ అనే ప్యాకేజీ దగ్గరికి చేరతారు. ఎన్ని మెట్లు పట్టిందో లెక్కపెట్టండి. మూడు: మీ ల్యాబుకు ఆ అరపేజీ ఫైలు ఉందో లేదో కనుక్కోండి. లేకపోతే టీచరుగారితో కూర్చుని రాయండి.

మేమూ ఇప్పుడు ఏ బడి వదిలినా ఛార్జి అప్పగించేటప్పుడు పుస్తకాల లెక్కతో పాటు ఒక కాగితం అదనంగా ఇస్తున్నాం. తెలుగు కనపడడానికి ఏ ఫాంట్లు, టైపు చెయ్యడానికి ఏ ప్యాకేజీ, పిల్లలు రాసిన కథలు ఏ ఫోల్డరులో ఉన్నాయి, వాటి నకలు ఎక్కడుంది అని. వచ్చేవాళ్ళు మాకు తెలియదు, వాళ్ళకు మేము తెలియదు. ఆ కాగితం ఉంటే వాళ్ళకు ఒక ఆదివారం మిగులుతుంది.

చెరువు కథ రాసిన పాప ఈపాటికి కాలేజీలో ఉండాలి. ఏ ఊళ్ళో ఉందో మాకు తెలియదు. ఆ కథ మళ్ళీ రాసుకుని ఉంటే బాగుండునని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాం. ఈ సంవత్సరం మీరు రాసిన కథల్లో మాత్రం ఏదీ పోలేదు. అన్నీ ఈ పత్రికలోనే ఉన్నాయి, పేజీ తిప్పి చూసుకోండి.